అంబాసిడర్ అదురుకు వేరెక్కడ?

పాత అంబాసిడర్ 60 కిలోమీటర్ల వేగం అందుకోగానే సీటు కింద సన్నగా అదురు మొదలై లోపలి అద్దం దాకా పాకిందంటే, చాలామంది నేరుగా వీల్ బ్యాలెన్సింగ్‌కు వెళ్తారు. డబ్బు ఖర్చవుతుంది, అదురు మాత్రం పోదు. ఆ బండికి ఇంజను ముందు, లాగే చక్రాలు వెనక. రెంటినీ కలిపేది బండి పొట్ట కింద పొడవుగా సాగే ప్రొపెల్లర్ షాఫ్ట్. 2014లో ఉత్తరపాడా ఫ్యాక్టరీ తయారీ ఆపేశాక, ఉన్న బండ్లు నిలబడుతున్నది దాని మర్మం తెలిసిన మేస్త్రీల వల్లే. మంచి మేస్త్రీ స్పానర్ పట్టకముందే బండిని రోడ్డెక్కిస్తాడు. పనితనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

అదురు బాగా తెలిసే వేగంలో క్లచ్ నొక్కి న్యూట్రల్ చేస్తాడు. ఇంజను ఐడ్లింగ్‌కు దిగినా అదురు తగ్గలేదంటే ఇంజను మీద అనుమానం అక్కర్లేదు. తర్వాత థర్డ్ గేరులో ఒకసారి, టాప్‌లో ఒకసారి అదే వేగం అందుకుంటాడు. రెండుసార్లూ ఒకేలా అదిరితే తప్పు గేరుబాక్సుకు వెనకే. ఇక షాఫ్టా, చక్రమా? 60 మీద చక్రం సెకనుకు ఎనిమిది చుట్లు తిరిగితే షాఫ్ట్ 35 దాటుతుంది. అందుకే చక్రం దోషం విడివిడి కుదుపుగా తెలుస్తుంది, షాఫ్ట్‌ది ఎడతెగని మోతగా వినిపిస్తుంది.

షాఫ్టే అని తేలితే బండి కింద దూరాలి. షాఫ్ట్ చివరల కీళ్లలో ఉండే క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే గ్రీజు ఎండి లోపలి సూదులు తుప్పుపట్టాయన్నమాట. షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పితే టక్కుమన్నా క్రాసు అరిగినట్టే. కొత్త క్రాసు వేసేటప్పుడు ఒక్క సూది జారి కప్పు అడుగున పడినా కీలు బిగుసుకుపోతుంది, కొత్త అదురు పుడుతుంది. విప్పే ముందు ఫ్లాంజిల మీద రంగు గుర్తు పెట్టడం మరవకూడదు. జారే స్ప్లైను విడిపోతే రెండు చివరల యోకులూ మళ్లీ ఒకే వరసలో కూర్చోవాలి. వంగి తిరిగే కీలు ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. ముందు కీలు చేసిన ఆ తేడాను వెనక కీలు సరిచేయాలి. వరస తప్పితే రెండు తేడాలూ కలిసి పెరుగుతాయి.

క్రాసులు బాగున్నా అదురు పోలేదంటే బ్యాలెన్సు చూడాలి. గొట్టం మీద సొట్ట ఉండొచ్చు, గట్టిపడిన తారు అంటుకుని ఉండొచ్చు, వెల్డు చేసిన చిన్న బరువుబిళ్ల ఊడిపోయి ఉండొచ్చు. దీనికి పాత మేస్త్రీల ఉపాయం నాకెంతో ఇష్టం. రేడియేటర్ గొట్టాలకు వాడే క్లిప్పులు రెండు తీసుకుని, మరలు పక్కపక్కనే ఉండేలా షాఫ్ట్‌కు బిగిస్తారు. బండి నడిపి చూసి, రెంటినీ కలిపి పావు చుట్టు జరిపి మళ్లీ నడుపుతారు. అదురు అన్నిటికన్నా తగ్గిన చోట ఆపి, ఆ మరలను కొంచెం కొంచెంగా ఎడం చేస్తారు. ఎడం పెరిగేకొద్దీ వాటి బరువు ప్రభావం తగ్గుతుంది కాబట్టి, మిషను లేకుండానే సన్నని లెక్క కుదురుతుంది. సొట్ట పెద్దదైతే మాత్రం షాఫ్ట్ విప్పి బ్యాలెన్సింగ్ షెడ్డుకు పంపాల్సిందే.

చివరి పరీక్షకు వెనక సీటు నిండా మనుషులు కావాలి. పాతబడిన కమాను పట్టీలు బరువుకు కుంగితే వెనక యాక్సిల్ హౌసింగ్ కోణం మారుతుంది. ఖాళీ బండిలో లేని అదురు అప్పుడు బయటపడితే షాఫ్ట్‌ను వదిలేసి పట్టీలు, యూ బోల్టులు, గేరుబాక్సు మౌంటింగ్ రబ్బరు చూడాలి.