ఉమ్మడి పనిశాల, ఒంటరి సంతకము

మన పత్రికలలో చిత్రకళను గూర్చి వ్రాయువారు చిత్రకారుని స్వగ్రామమును, బాల్యమును, మనోభావములను విరివిగా వర్ణింతురు. అతడు పనిచేసిన గదిని గూర్చి మాత్రము పలుకరు. తైలవర్ణ చిత్రము విషయమున ఇది పెద్ద లోపము కాకపోవచ్చును. ముద్రణ చిత్రము, లోహశిల్పము, కుడ్యచిత్రము అట్టివి కావు. వానికి యంత్రము కావలెను, కొలిమి కావలెను, పట్టుటకు రెండవ మనిషి చేయి కావలెను.

బరోడాలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయము 1949లో ఏర్పడెను. మరుసటి యేడే అందు లలితకళా విభాగము వెలసెను. శాంతినికేతనమున చదివివచ్చిన శంఖో చౌధురి శిల్పశాఖను నడపిరి, కె.జి. సుబ్రహ్మణ్యన్ చిత్రలేఖనము నేర్పుటయే కాక మట్టిపలకలు, నేత, బొమ్మలు అన్నిటను చేయిపెట్టిరి. 1961లో ఆరంభమైన అచ్చటి కళాజాతరకై గురుశిష్యులు ఒక్కచోట కూర్చుండి ఆటబొమ్మలు చేసిరి. చిత్రకారునకు బొమ్మలపని తక్కువయను తలంపు అచ్చట నిలువలేదు.

మెదకు ప్రాంతపు నిజాంపూరున 1940లో జన్మించిన కె. లక్ష్మాగౌడు హైదరాబాదున చదువు ముగించి, 1963 నుండి 1965 వరకు ఈ విభాగమున కుడ్యచిత్రమును, ముద్రణకళను అభ్యసించిరి. విద్యకై తెలుగునాటి వెలుపలికేగినవారి కథ మన పాఠకులకు క్రొత్తది కాదు. అచ్చట నేర్చు పని ఎట్టిదో కొంచెము చెప్పవలెను. జింకు రేకును నునుపుచేసి, ఆమ్లమున కరగని మైనపు పూత పూసి, సూదితో గీయుదురు. నత్రికామ్లపు తొట్టిలో ముంచగా గీత పడినచోట లోహము తినబడును, బుడగలు లేచును, వానిని ఈకతో తుడిచివేయవలెను. నలుపునందలి తరతమములకై గుగ్గిలపు పొడిచల్లి, క్రిందనుండి వేడిచేసి, మరల ఆమ్లమున నుంచవలెను. పిదప సిరా దట్టించి, పైపై తుడిచి, తడికాగితమును కప్పి, కంబళి వేసి రోలర్ల నడుమ నడుపుదురు.

ఇందు కిటుకేమనగా, పలువురు వాడిన తొట్టిలో ఆమ్లము బలము తగ్గును. ఉదయము మూడు నిమిషములలో తెగిన గీత సాయంకాలమునకు తెగదు. ముందువాడు కంబళిపై సిరా అంటించిన, వెనుకవాని కాగితము పాడగును. కాబట్టి తన పనికై ఇతరుల పనిని గమనించుట అచ్చట మర్యాద కాదు, అవసరము. ముద్ర క్రింద పెన్సిలుతో 5/25 అని వ్రాసి ఒక్కరే సంతకము చేయుదురు. ఇరువదియైదు కాగితములలో నిది యైదవదని దాని భావము. తొట్టి కడిగినవాని పేరుండదు.

లక్ష్మాగౌడు ముద్రలలోని మేకలను, పల్లె స్త్రీపురుషులను చూచి మన విమర్శకులు నిజాంపూరును తలచిరి. అది న్యాయమే. కాని ఆ మేక ఒంటిపై బూడిదరంగు నుండి కాటుకనలుపు వరకు పొరలుపొరలుగా దిగిన ఛాయ పల్లెలో దొరకునది కాదు. గుగ్గిలపు పొడి, ఆమ్లపు గడియలు తెలిసిన చేతిది. తరువాత వారు కాల్చిన మట్టికి, కంచునకు, గాజుపై చిత్రణకు చనుటయు ఆ శిక్షణతో పొత్తు గలదియే యని నా తలంపు.

ఉమ్మడి పనిశాలకు దోషము లేదనను. ఒకే తొట్టి, ఒకే గురువు, ఒకే సిరా. విద్యార్థుల ముద్రలు కొన్ని సంవత్సరములు ఒకే ముఖముతో వచ్చుట కలదు. ఇంతకన్న హీనమైనది వేరొకటి. ఒక కళాశాలలో, పేరేల, ప్రెస్సుపై దుప్పటి కప్పి తాళము వేసియుండగా చూచితిని. విరుగునేమో యని సమాధానము.

అసలు చిక్కు పట్టము పుచ్చుకొన్న మరునాడు వచ్చును. విద్యార్థి చేతిలో రేకులుండును, ప్రెస్సుండదు. దానిని సొంతముగా కొనగలవారెందరు? అతడు ముద్రణము మాని కుంచె పట్టిన, శైలి మారినదని మనము వ్యాసము వ్రాయుదుము. సెలవు దినములలోనైనను పూర్వవిద్యార్థులకు పనిశాల తెరచునట్లు విభాగముల నిబంధనలలో రెండు పంక్తులు చేర్చవలెను. కాగితము, సిరా వారే తెచ్చుకొందురు. తొట్టి కడుగుట వారికి ముందే వచ్చును.