ధ్వనికత్తి: పదునెంత? లోతెంత?

ఆగి ఆగి పడు వెలుతురు వస్తువులలో ధ్వని పుట్టించునని 1880లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ వెల్లడించెను. వెలుతురును పీల్చుకొన్న వస్తువు వేడెక్కి వ్యాకోచించును; వెలుతురు ఆగగనే సంకోచించును. ఈ కదలికయే ధ్వని. లేసరు వచ్చిన పిమ్మట ఈ సూత్రమునకు కొత్త బలము చేకూరినది.

2012లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము ఈ మార్గములో ముఖ్యమైనది. కర్బన నానోనాళికలను, సాగెడు గుణముగల పాలిమరును కలిపి పుటాకార కటకముపై వారు పలుచని పొరగా అమర్చిరి. లేసరు స్పందము తగిలినంతనే నాళికలు వేడెక్కి ఆ వేడిని పాలిమరున కందించును. పాలిమరు తటాలున వ్యాకోచించి నీటిలోనికి అతిధ్వని తరంగమును పంపును. కటకపు వంపు ఆ తరంగమును ఒక నాభి యొద్దకు చేర్చును. అచట పీడనము 50 మెగాపాస్కలులను మించినది. అనగా వాతావరణ పీడనమునకు దాదాపు 500 రెట్లు. నాభి వెడల్పు 75 మైక్రానులు మాత్రమే. పలకపై అంటుకొనియున్న జీవకణములలో ఒకదానిని పొరుగు కణములనుండి వేరుచేసి చూపుట ఈ కృషికి తలమానికము.

అయితే వ్యాస శీర్షికలో ‘చికిత్స’ అను మాట కలదు. ఇచటనే పాఠకుడు ఆగి ఆలోచింపవలెను. ఈ పదునుకు కారణము 15 మెగాహెర్ట్జులను మించిన పౌనఃపున్యము. 15 మెగాహెర్ట్జుల వద్ద నీటిలో తరంగదైర్ఘ్యము మిల్లీమీటరులో పదవవంతే. కాని మెత్తని కణజాలము సెంటీమీటరు లోతునకు, ప్రతి మెగాహెర్ట్జునకు, సుమారు అర డెసిబెలు చొప్పున ధ్వనిని క్షీణింపజేయును. ఒక సెంటీమీటరు దాటుసరికి 1 మెగాహెర్ట్జు తరంగపు తీవ్రతలో నూటికి 89 వంతులు మిగులును. 15 మెగాహెర్ట్జులదైనచో 18 వంతులే. అయిదు సెంటీమీటరుల లోతున అయిదువేలవ వంతైనను మిగలదు. పలకపై కణమును పెకలించిన సాధనము కాలేయపు లోతులలో అట్లే పనిచేయునని తలచుట పొరపాటు.

మరియొక పరిమితి కలదు. నాభి స్థానమును నిర్ణయించునది కటకపు వంపు. 2017లో లండన్ యూనివర్సిటీ కాలేజి శాస్త్రజ్ఞులు, కోరిన ధ్వనిక్షేత్రము ఏర్పడునట్లు ఉపరితలపు ఎత్తుపల్లములను గణించి మలచవచ్చునని చూపిరి. ఇది చక్కని ముందడుగు. కాని క్షేత్రము మారవలెనన్న మరియొక ఉపరితలమును చేయవలసినదే. అచట వెలుతురు శక్తి నిచ్చును. రూపము నిచ్చునది ఉపరితలము.

ఈ లోపములు ఆ కృషి విలువను తగ్గింపవు. దాని చోటును నిర్ణయించును. పలుచని పొరలపై, సూక్ష్మమైన పనులకు ఈ సాధనము తగినది. తరగతిలో దీనిని చెప్పు ఉపాధ్యాయులు 75 మైక్రానుల పదునును, 18 వంతుల మిగులును నల్లబల్లపై పక్కపక్కన వ్రాయుట మేలు. మొదటి సంఖ్య ఆశను కల్పించును. రెండవది దానికి హద్దు చెప్పును.