చల్లారేలోపే

జొన్నలంటే మనకు రొట్టె, సంకటి, గటక. గింజను గింజగానే ఉడకబెట్టి గుగ్గిళ్లుగా తినడమూ ఉంది, తెలంగాణలో గుడాలంటారు. ఎండలు ముదిరాక నేను ఆ గుగ్గిళ్లలోనే చికెన్ కలిపి సలాడ్ చేసి ఫ్రిజ్‌లో పెడతాను. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం పుణ్యమా అని ఇలాంటివి హోటళ్లలోనూ దొరుకుతున్నాయి గానీ, చాలాచోట్ల కొర్రలతో చేస్తారు. అవి కాస్త ఎక్కువ ఉడికితే ముద్దవుతాయి. నా ఓటు జొన్నకే. నమలడానికి ఏదో ఒకటి ఉండాలిగా!

చల్లగా తినేదే అయినా పనంతా వేడి మీదే జరగాలి. రాత్రి నానబెట్టిన జొన్నల్ని కుక్కర్‌లో మామూలుగా తినే పదును కంటే ఒకింత మెత్తగా ఉడికిస్తాను. ఎందుకంటే ఉడికిన పిండిపదార్థం చల్లారేకొద్దీ మళ్లీ బిగుసుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న గింజ ఫ్రిజ్‌లోంచి తీసేసరికి గట్టిగా తగులుతుంది. నీళ్లు వార్చి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఆవిరి పోతుండగానే ఉప్పు, నిమ్మరసం, నువ్వులనూనె పట్టిస్తాను. వేడి గింజ పులుపును లోపలికి లాక్కుంటుంది, చల్లటి గింజ పైపూతగానే మిగులుస్తుంది. చల్లదనం రుచిని అణచేస్తుంది కాబట్టి ఉప్పూ పులుపూ ఒక పిసరు ఎక్కువే పడాలి. నెయ్యి జోలికి మాత్రం వెళ్లను, ఫ్రిజ్‌లో పేరుకుపోతుంది.

చికెన్ బ్రెస్ట్‌ను అల్లం, మిరియాలు, ఉప్పు వేసిన నీళ్లలో సన్నసెగ మీద ఉడికించాలి. తెర్లితే పీచులా తయారవుతుంది. లోపల 74 డిగ్రీలకు చేరితే చాలు, దించేసి, గోరువెచ్చగా అయ్యాక చేత్తోనే పాయలుగా చీలుస్తాను. కత్తితో కోసిన ముక్కలకు మసాలా అంతగా అంటదు.

వీటిని వంటగట్టు మీద మరిచిపోకూడదు. వండిన గింజైనా మాంసమైనా రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లోకి చేరాలి. మన ఏప్రిల్ ఎండలకు గంట కూడా ఎక్కువే.

కీరా ముక్కలకు ఉప్పు రాసి నీరు పిండేసి, ఉల్లి, పుదీనా, కొత్తిమీరతో పాటు తినేముందు కలుపుతాను. వేయించిన పల్లీలు ఎవరి పళ్లెంలో వాళ్లే చల్లుకోవాలి, లేకపోతే మెత్తబడతాయి. మయోనీజ్ కావాలనే వాళ్లకు మా ఇంట్లో పెరుగే గతి. చికెన్ ఉడికిన నీళ్లు మాత్రం పారబోయను. చింతపండు, వెల్లుల్లి, ఇంకాసిని మిరియాలు పడితే ఆ రాత్రికి చారు సిద్ధం.