పెన్సిల్‌తో రాసే బేస్‌బాల్

అమెరికాలో మైనర్ లీగ్ బేస్‌బాల్ ఆటకు వెళ్తే, ఒళ్లో అట్ట పెట్టుకుని, ప్రతి బ్యాటరు ఏమయ్యాడో పెన్సిల్‌తో రాసుకుంటున్న ప్రేక్షకులు అక్కడక్కడా కనిపిస్తారు. స్కోరు రాయడం అనే ఈ అలవాటు దాదాపు ఆ ఆట అంత పాతది. లీగ్ తరఫున లెక్క రాసే అధికారిక స్కోరరు ప్రెస్ బాక్సులో వేరుగా ఉంటాడు. గ్యాలరీలో కూర్చుని రాసేవారిని ఎవరూ రాయమనలేదు, వారికి దక్కే రుసుమూ లేదు. తమ ఊరి జట్టు మీద ప్రేమతో ఏళ్ల తరబడి రాసి, ఆ కాగితాలను పెట్టెల్లో దాచుకుంటారు.

ఈ విద్యకు క్రికెట్‌తో చుట్టరికం ఉంది. బేస్‌బాల్ లెక్కలకు ఒక పద్ధతి ఏర్పరచిన హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే కుటుంబంతో అమెరికా చేరి, పెద్దయ్యాక న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ విలేకరి అయ్యాడు. 1850లలో బేస్‌బాల్ వైపు మళ్లినప్పుడు క్రికెట్ స్కోరు పుస్తకం అలవాటును వెంట తెచ్చుకున్నాడు. ఒక ఆట మొత్తాన్ని కొద్ది వరుసల్లో చూపే బాక్స్ స్కోరు అతని చేతుల్లోనే రూపు దిద్దుకుంది. స్ట్రైకౌట్‌కు నేటికీ వాడే ‘కె’ గుర్తు కూడా అతనిదే. బంతిని కొట్టిందీ పట్టిందీ పరుగు తీసిందీ ఎవరో తెలియకపోతే ఆటగాడి విలువ తెలియదని చాడ్విక్ నమ్మాడు. అతను 1908లో మరణించాడు, 1938లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం పొందాడు.

స్కోర్‌కార్డులో బ్యాటింగ్ క్రమం ప్రకారం తొమ్మిది అడ్డ వరుసలు, ఒక్కో ఇన్నింగ్స్‌కు ఒక్కో నిలువు వరుస ఉంటాయి. ప్రతి గడిలో వజ్రం ఆకారంలో చిన్న బొమ్మ ఉంటుంది. దాని నాలుగు మూలలే హోమ్ ప్లేటు, మూడు బేసులు. బ్యాటరు ఏ బేసు దాకా చేరితే అక్కడి వరకు గీత దిద్దుతారు. చుట్టూ తిరిగి హోమ్‌కు వస్తే వజ్రాన్ని నింపేస్తారు. నింపిన వజ్రాలు లెక్కపెడితే అవే పరుగులు.

ఫీల్డర్లను పేర్లతో కాక అంకెలతో రాస్తారు. పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, ఎడమ ఔట్‌ఫీల్డర్ 7, మధ్య 8, కుడి 9. ఇవి చొక్కా మీద ఉండే నంబర్లు కావు, నిలబడే చోటుకు ఉన్న నంబర్లు. షార్ట్‌స్టాప్ బంతిని ఆపి ఫస్ట్ బేస్‌కు విసిరి ఔట్ చేస్తే 6-3. మధ్య ఔట్‌ఫీల్డర్ గాల్లో బంతి పట్టుకుంటే ఎఫ్8. షార్ట్‌స్టాప్ తప్పు చేస్తే ఇ6. నాలుగు బాల్స్ వల్ల బ్యాటరు బేసుకు నడిచి వెళ్తే బిబి. బ్యాట్ ఊపి తప్పిపోయి ఔటైతే మామూలు కె, బ్యాట్ కదపకుండానే అంపైర్ మూడో స్ట్రైక్ ఇస్తే తిరగేసిన కె. ఒక్క అక్షరాన్ని తిప్పి రాయడంతో బ్యాటరు మోసపోయాడా, నిలబడి చూస్తుండిపోయాడా అన్నది తెలిసిపోతుంది. ఇంత తక్కువ సిరాతో ఇంత చెప్పే గుర్తు ఆటల ప్రపంచంలో అరుదు.

ఒక అర ఇన్నింగ్స్ రాసి చూస్తే పద్ధతి బోధపడుతుంది. మొదటి బ్యాటరు 6-3, పక్కన సున్నా చుట్టిన 1, అంటే మొదటి ఔట్. రెండో బ్యాటరుకు బిబి, ఫస్ట్ బేస్ దాకా గీత. మూడో బ్యాటరు కుడివైపు సింగిల్ కొడతాడు. ముందున్న రన్నర్ థర్డ్ బేస్ చేరతాడు, అతని గీత అక్కడి దాకా సాగుతుంది. నాలుగో బ్యాటరు కొట్టిన బంతి షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్‌కు, అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కు వెళ్తుంది. 6-4-3, డబుల్ ప్లే. మూడో బ్యాటరు గడిలో సున్నా చుట్టిన 2, నాలుగో బ్యాటరు గడిలో 3 పడతాయి. ఆ గడి మూలన చిన్న ఏటవాలు గీత గీస్తే ఇన్నింగ్స్ ముగిసినట్టు. థర్డ్ బేస్ మీద ఉన్నవాడు పరుగు చేయకుండా మిగిలిపోయాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఈ నాలుగు గడులు చూసినవాడు కూడా పిచర్ ఎలాంటి ఇబ్బందిలో పడ్డాడో, ఎలా బయటపడ్డాడో చెప్పగలడు.

రాసింది సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష కూడా ఉంది. బ్యాటింగ్‌కు వచ్చిన మొత్తం సార్లు ఒకవైపు. పరుగులు, బేసుల మీద మిగిలినవారు, ఔట్లు కలిపిన మొత్తం మరోవైపు. జమాఖర్చుల పుస్తకంలోలాగే రెండు వైపులా సమానం కావాలి. పై ఉదాహరణలో వచ్చినవారు నలుగురు. సున్నా పరుగులు, మిగిలినవాడు ఒకడు, మూడు ఔట్లు, మొత్తం నాలుగు. తొమ్మిది ఇన్నింగ్స్‌లు పూర్తిగా ఆడి అయిదు పరుగులు చేసిన జట్టుకు ఏడుగురు మిగిలిపోతే 39 రావాలి. రాకపోతే ఎక్కడో ఒక గడి తప్పింది. నిఖార్సైన అభిమానులు ఈ లెక్క సరిచూడకుండా కార్డు మడవరు.

హిట్టా, ఎర్రరా అన్నది మాత్రం లెక్కకు లొంగదు. మామూలు ప్రయత్నంతో ఫీల్డర్ ఆపగలిగే బంతి అయితే ఎర్రర్, కాకపోతే హిట్ అని నియమం. మామూలు ప్రయత్నం ఏదో తేల్చేది చూసేవారి కన్ను. అధికారిక స్కోరరు తీర్పు బోర్డు మీద కనిపించినా, తన అభిప్రాయం వేరైతే అభిమాని తన కార్డులో తనకు తోచిందే రాయవచ్చు. చూడని బంతిని చూసినట్టు రాయడం మాత్రం పద్ధతి కాదు. న్యూయార్క్ యాంకీస్ వ్యాఖ్యాత, మాజీ షార్ట్‌స్టాప్ ఫిల్ రిజూటో తాను గమనించని చోట ‘డబ్ల్యూడబ్ల్యూ’ అని రాసేవాడు. చూడలేదని దాని అర్థం. ఆ నిజాయితీ గుర్తును అభిమానులు నేటికీ వాడుతున్నారు.

మైనర్ లీగ్‌లో స్కోరు రాయడం మేజర్ లీగ్‌లో కన్నా కష్టం. 30 మేజర్ లీగ్ జట్లలో ఒక్కోదానికి నాలుగు మెట్లలో అనుబంధ జట్లున్నాయి: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ. 2021లో జరిగిన పునర్వ్యవస్థీకరణతో ఇవి 120కి కుదించుకుపోయాయి. అంతకుముందు 160 ఉండేవి. ఆటగాళ్లు నిత్యం పైమెట్టుకో కిందిమెట్టుకో కదులుతుంటారు. నిన్న మూడో స్థానంలో బ్యాటింగ్ చేసినవాడు ఇవాళ వేరే ఊళ్లో ఉంటాడు. ముద్రించిన జాబితాలో పేరు లేని పిచర్ ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చి నిలబడతాడు. అందుకే అనుభవం ఉన్నవారు ఆటగాళ్ల పేర్లు ముందుగా నింపరు. మైదానంలో ప్రకటించాకే రాస్తారు.

పైగా కొత్త నియమాలు ముందు ఇక్కడే పరీక్షకు వస్తాయి. పిచర్ నిర్ణీత సమయంలో బంతి వేయాలన్న గడియారం డబుల్-ఏ, ట్రిపుల్-ఏలలో 2015లోనే వచ్చింది, మేజర్ లీగ్‌లోకి 2023లో వెళ్లింది. ఆట వేగం పెరిగి, రాసుకునే వ్యవధి తగ్గింది. అదనపు ఇన్నింగ్స్‌ను సెకండ్ బేస్ మీద ఒక రన్నర్‌తో మొదలుపెట్టే పద్ధతి మైనర్ లీగ్‌లలో 2018లో వచ్చింది. బ్యాటింగ్ చేయకుండానే బేసు ఎక్కిన ఈ మనిషి పైన చెప్పిన లెక్కను చెడగొడతాడు. అతను పరుగుగానో, ఔట్‌గానో, మిగిలినవాడిగానో ముగుస్తాడు గానీ వచ్చినవారి లెక్కలో ఉండడు. కాబట్టి ఒక్కో అదనపు అర ఇన్నింగ్స్‌కు ఒకటి కలుపుకుని సరిచూడాలి.

ఈ శ్రమకు విలువేమిటో 1981 నాటి ఒక మైనర్ లీగ్ ఆట చెబుతుంది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పటకెట్‌లో, మెక్‌కాయ్ స్టేడియంలో, ఏప్రిల్ 18 రాత్రి పటకెట్ రెడ్ సాక్స్, రోచెస్టర్ రెడ్ వింగ్స్ తలపడ్డాయి. చలిగాలిలో ఆట తెల్లవార్లూ సాగింది. ఉదయం 4 గంటల 7 నిమిషాలకు, 32 ఇన్నింగ్స్‌ల తర్వాత, 2-2 వద్ద ఆపినప్పుడు గ్యాలరీలో మిగిలింది 19 మంది. జూన్ 23న తిరిగి మొదలుపెడితే 33వ ఇన్నింగ్స్‌లోనే పటకెట్ గెలిచింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో అంతకన్నా పొడవైన ఆట లేదు. ఆ రాత్రి ఆడిన వేడ్ బాగ్స్, కాల్ రిప్కెన్ జూనియర్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్ చేరారు. గెలుపు పరుగు తెచ్చిన హిట్ కొట్టిన డేవ్ కోజా ఎన్నడూ మేజర్ లీగ్‌లో ఆడలేదు. రోచెస్టర్ ఆటగాడు డాలస్ విలియమ్స్ లెక్క 13 ప్రయత్నాలకు సున్నా హిట్లు. స్కోర్‌కార్డులో మాత్రం నలుగురికీ అవే గడులు, అదే కొలత. మైనర్ లీగ్ ఆటగాళ్లలో చాలామంది మేజర్ లీగ్ దాకా వెళ్లరు. వారి ఆటకు దక్కే న్యాయం ఇదే. పటకెట్ జట్టు 2021లో వూస్టర్‌కు తరలిపోయింది. ఆ ఆట మాత్రం ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌కూ చెప్పగలిగేలా మిగిలింది.

ఇంటి పెట్టెల్లోని కాగితాలు చరిత్రకారులకూ పనికొచ్చాయి. డెలావేర్ విశ్వవిద్యాలయ జీవశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ స్మిత్ 1989లో రెట్రోషీట్ అనే స్వచ్ఛంద సంస్థ ప్రారంభించాడు. జట్లు, విలేకరులు, అభిమానులు దాచిన స్కోర్‌కార్డులు సేకరించి, పాత మేజర్ లీగ్ ఆటలను బ్యాటరు వారీగా పునర్నిర్మించడం ఆ సంస్థ పని. మైనర్ లీగ్‌ల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. 1949లో దేశమంతటా 59 మైనర్ లీగ్‌లు నడిచాయి. తర్వాత టెలివిజన్ వచ్చి చిన్న ఊళ్ల జట్లు వరుసగా మూతపడ్డాయి. జట్టుతో పాటు దాని కాగితాలూ చెదిరిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. పాత ఆటలకు పత్రికలో బాక్స్ స్కోరు దొరికినా, ఏ బ్యాటరు ఎలా ఔటయ్యాడో అందులో ఉండదు. అది చూసి రాసుకున్నవారి కార్డులోనే ఉంటుంది.

తెలుగువారికి ఈ విద్య నేర్చుకునే వీలు దగ్గరలోనే ఉంది. డల్లాస్ శివారు ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. టెక్సస్ రేంజర్స్ డబుల్-ఏ జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ 2003 నుంచి ఆ ఊళ్లోనే ఆడుతోంది. తల్లి వైపు భారతీయ మూలాలున్న పిచర్ కుమార్ రాకర్ 2024లో ఇక్కడ బంతులు వేసి, అదే ఏడాది సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. డబుల్-ఏ జట్టు సీజన్‌లో ఆడే 138 ఆటల్లో సగం సొంత మైదానంలోనే. కాలేజీ రోజుల్లో క్రికెట్ స్కోరు పుస్తకం రాసినవారికి ఈ గుర్తులు ఒకటి రెండు ఆటల్లో పట్టుబడతాయి. రాసేవారు కార్డు మీద తేదీ, ఊరు, వాతావరణం, ఆట మొదలైన, ముగిసిన సమయాలు తప్పక వేయాలి. ఇంటికి వెళ్లాక అయినా లెక్క సరిచూసుకోవాలి. ఆ కార్డును పారేయకుండా దాచాలి.