కొండంతా ఒక్క చుక్కేనా?

ఫోన్‌ మ్యాపులో భీమిలి దగ్గరి బౌద్ధ స్థలం పావురాలకొండ ఒక్క చుక్క. తగరపువలస నుంచి కాసేపట్లో అక్కడికి చేరి పైకెక్కితే ఇటుక పునాదులు ఒక పక్క, రాతిలో తొలిచిన నీటి తొట్లు మరో పక్క విడివిడిగా కనిపిస్తాయి. ఆ చుక్క వీటిలో దేనిది? వారసత్వ స్థలాల డిజిటల్‌ పటాలకు ఒక ప్రమాణం ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

రాబర్ట్‌ సీవెల్‌ 1882లో మద్రాసు ప్రెసిడెన్సీ పురావశేషాల జాబితా అచ్చువేసినప్పుడు ఊరి పేరు, ఫలానా పట్టణానికి ఎన్ని మైళ్లు, ఏ దిక్కు అని వరసగా రాసుకుపోయాడు. జిల్లా ఏదైనా రాసే తీరు ఒకటే. అందుకే నేటికీ అది పనికొస్తోంది. ఇప్పుడు మనకు ఉపగ్రహాలున్నాయి గానీ అంత కట్టుబాటు లేదు.

చాలామంది అక్షాంశాన్ని మూడు దశాంశ స్థానాలతో సరిపెడతారు. మూడో స్థానంలోని అంకె ఒకటి పెరిగినా తగ్గినా నేల మీద సుమారు 110 మీటర్లు జరిగినట్టే. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ నిర్మాణాలు కూడదని 2010 నాటి చట్టసవరణ చెప్పేది 100 మీటర్ల మేర. అదీ రక్షిత ప్రాంతపు హద్దు నుంచి కొలవాలి. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండకు చుక్క పెట్టి ఊరుకుంటే టేపు ఎక్కడ పట్టుకోవాలి? హద్దు గీత ఉండాలి. దాన్ని ఎవరు, దేన్ని చూసి గీశారో పక్కనే రాసి ఉండాలి.

పాత సర్వే పటాలతో ఇంకో చిక్కు. అవి ఎవరెస్ట్‌ గోళం అనే భూమి ఆకారపు లెక్కలో ఉంటాయి, ఫోన్‌ జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్‌ 84 లెక్క. మార్చకుండా కలిపేస్తే మన ప్రాంతంలో పటం మీది స్తూపం వంద మీటర్లకు పైగా పక్కకు పోతుంది. భూమిని జోన్లుగా విభజించే యూటీఎం పద్ధతి అంకెలు వాడితే ఉత్తరాంధ్ర 84 డిగ్రీల రేఖాంశం దగ్గర రెండు జోన్లుగా చీలుతుంది. బౌద్ధ స్థలాల్లో బావికొండ 44లో, శాలిహుండం 45లో పడతాయి. జోన్‌ రాయని అంకె ఎందుకూ కొరగాదు.

అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసేది తేదీ. 2019 వానలకు తొట్లకొండ మహాస్తూపం కొంత కూలింది, తర్వాత పునరుద్ధరించారు. కూలకముందు ఫొటో, కూలిన నాటి కొలత, మరమ్మతు తర్వాతి రూపం మూడూ ఆ స్థలానికిచ్చిన ఒకే నంబరు కింద దేని తేదీతో అది చేరాలి. కొత్తది పాతదాన్ని చెరిపేయకూడదు. వస్తువును దాని మీద జరిగిన సంఘటనలతో ముడిపెట్టి రాయమనే ఐఎస్‌ఓ 21127 ప్రమాణం 2006లోనే వచ్చింది. దాన్ని రెండు పేజీల తెలుగు ఫారంగా మార్చి దగ్గర్లోని చరిత్ర విద్యార్థుల చేతికిస్తే, పావురాలకొండతోనే పని మొదలుపెట్టవచ్చు.