వేగము తుదిపాఠము

మలక్‌పేట పందెపు మైదానమున తెల్లవాఱకమునుపే మొదలగు గిట్టల సవ్వడిని విన్నవారికి, గుఱ్ఱమును పెంచుట యనగా పరుగెత్తించుటయే యను భావము కలుగుట సహజము. 1868లో మౌలాలీయందు ఆరంభమై, 1886లో ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కాలమున మలక్‌పేటకు తరలిన యా పందెములు, గుఱ్ఱమును గూర్చి భాగ్యనగరవాసికి గల యూహను తరతరములుగ దిద్దుచు వచ్చినవి. రెండేండ్ల పిల్ల పరుగునకు దిగును. మఱుసటి యేట డెర్బీలో దాని యోగ్యత తేలును. మఱి కొలది యేండ్లకు దాని పేరు పందెపుపుస్తకమునుండి తొలగును. కాని అదే జాతి కిశోరమును, అదే ఎఱ్ఱమట్టిమీద, పూర్తిగ వేఱు క్రమమున తీర్చిదిద్దు విద్య యొకటి కలదు. ఈవెంటింగు అను పేర లోకమున ప్రసిద్ధమైన యా విద్యయందు నిలుచుట మొదటిపాఠము, వేగము తుదిపాఠము. దోమలగూడ వ్యాయామ కళాశాల మైదానమున కసరత్తు చేయువారిని నిత్యము చూచు మా పేటవారికి ఈ క్రమము వింతగ తోపదు. ఎముక ముదురని బాలునిచే బరువులెత్తింపరాదని అచటి ఏ గురువైనను చెప్పును.

ఈ పరీక్షకు మూడంగములు. మొదటిది డ్రెస్సాజు: 20 మీటర్ల వెడల్పును 60 మీటర్ల పొడవును గల సమతలమున, రౌతు చేయు సన్న చూపఱకు కానరాకుండగనే, గుఱ్ఱము నడక, దుల్కీ, కాంటరు అను గతులను మార్చుచు, వలయములు తిరిగి, ఆజ్ఞయైనచోట స్థాణువై నిలువవలెను. రెండవది క్రాస్‌కంట్రీ: కట్టలు, కందకములు, నీటిమడుగులు, కదలని దుంగలు గల బయలున నియతకాలములో సాగిపోవుట. మూడవది జంపింగు: నిన్నటి అలసట యింకను తీఱని దేహముతో, తాకిన పడిపోవు కఱ్ఱలను తాకక దాటుట. లెక్క దోషములది. డ్రెస్సాజున నూటికి వచ్చిన మార్కులు పోగా మిగిలినది దోషము. బయలున గుఱ్ఱము ఒక అడ్డంకికడ మొరాయించిన 20, ఆలస్యమైన ప్రతి సెకండునకు 0.4, కఱ్ఱ పడిన 4. వినయము మొదటిదాని కావశ్యకము, సాహసము రెండవదానికి, జాగ్రత్త మూడవదానికి; వీనిలో ఏ యొక్కటి మితిమీఱినను తక్కిన రెంటిని చంపును. అత్యున్నత శ్రేణియందైనను బయలున కోరబడు వేగము నిమిషమునకు 570 మీటర్లే. పందెపుగుఱ్ఱము ఇంతకంటె ఎంతయో వడిగ పోగలదు. మూడు విరుద్ధగుణములను ఒక్క దేహమున సమముగ నిలుపుటయే యిచటి కష్టము.

ఇది సైన్యమున పుట్టిన పరీక్ష. కవాతున అడుగు తప్పని గుఱ్ఱము, యుద్ధభూమిని వెఱవని గుఱ్ఱము, మఱునాడును సేవకు పనికివచ్చు గుఱ్ఱము ఒక్కటే కావలెనని దండనాయకులు కోరిరి. 1912 స్టాక్‌హోం ఒలింపిక్సున తొలిసారి ప్రవేశపెట్టినపుడు సైనికాధికారులకే ఇందు పాల్గొన నర్హత యుండెను. నేడు స్త్రీపురుషులు వేఱు పందెములు లేక ఒకే బరిలో పోటీపడు స్వల్పసంఖ్యాక క్రీడలలో నిదియొకటి. సైనికాశ్వవిద్య మన యూరికిని క్రొత్త కాదు: హైదరాబాదు లాన్సర్లు అను ఆశ్వికదళమువారు మొదటి ప్రపంచయుద్ధమున జోధపూరు, మైసూరు దళములతో కలిసి పాలస్తీనా రంగమున నుండినవారు. ఢిల్లీలోని కూడలికి తీన్‌మూర్తి యను పేరు తెచ్చిన ముగ్గురు కంచుసైనికులలో ఒకడు మనవాడు. ఆంధ్రులకు అశ్వవిద్య అంతకంటెను ప్రాచీనము. మనుమంచి భట్టు హయలక్షణ విలాసమును తెలుగుపద్యములలో రచించెను. పూర్వశాస్త్రములు సుడుల శుభాశుభములకు అన్ని పుటలు వెచ్చించుట నాకు నచ్చదు గాని, గుఱ్ఱపుగతులను పంచధారలుగ విభజించి ఒకదాని వెనుక ఒకటి నేర్పవలెనను వారి వివేకమును నేటి శిక్షకుడును కాదనలేడు.

కిశోరమునకు మూడవయేట కడియాళము నోట పెట్టుదురు. నడుమను కీలుగల తేలికయైన స్నాఫిలు తప్ప మఱియొకటి తగదు; ఏలయన రెండున్నర, మూడున్నర, నాలుగున్నర యేండ్లలో ముందుపండ్లు జతలుజతలుగ రాలి క్రొత్తవి మొలచుచుండును గనుక, చిగుళ్ళు నొచ్చిన పిల్ల తల విసరినపుడు దానిని పొగరని దండించువాడు ఆ నోటిని యావజ్జీవము చెఱచినవాడగును. పిదప పొడవాటి పగ్గముపై వలయముగ త్రిప్పుట. రెండు పగ్గములతో వెనుక నడచుచు దారులవెంట తోలుట. జీనుపట్టెడను దినమున కొక రంధ్రము చొప్పున బిగించుట. తొలుత ఎక్కువాడు కూర్చుండడు. వీపుపై బోరగిల అడ్డముగ వ్రాలి, బరువు తెలియనిచ్చి, దిగిపోవును. ఇట్లు కొన్ని దినములు గడచినపిమ్మటనే అంకెవన్నెలలో కాళ్ళుంచి నిటారుగ లేచును.

అటుపై నెలలకొలది నడకయే. చూచువారికి విసుగు పుట్టించు ఈ నడకయే విద్యకు పునాది: గుండెయు ఊపిరియు కొలది వారములలో పనికి అలవడును గాని, స్నాయువులకును ఎముకలకును నెలలు పట్టును, వెన్నెముకలోని పెరుగుదల అయిదారేండ్ల వఱకును ముగియదు. ఊపిరి బాగున్నదిగదా యని తొందరపడు యజమానికి కుంటిగుఱ్ఱము దక్కును. దాణాయు పని వెనుక నడువవలెనేగాని ముందు నడువరాదు. సెలవునాడు పూర్తి ఉలవలు, ఓట్సు మేపి మఱునాడు పనికి కట్టినచో నడుముకండలు కొయ్యబాఱి, అడుగు వేయలేక నిలిచిపోవు గుఱ్ఱములు ప్రతి శాలయందును కలవు.

దూకుడు నేలమీది కఱ్ఱలతో మొదలగును. వానిని లెక్కగ నడచి దాటనేర్చినపిదప, మోకాలెత్తు చాలని అడ్డుకఱ్ఱ, ఆపై చిన్నకందకము. నుదుటికి సూటిగ ముందున్నది గుఱ్ఱమునకు కానరాదు. తుదియడుగున అడ్డంకి దాని చూపునుండి తప్పిపోవును గనుక, అది దూకుట కనులతో కంటె నమ్మకముతో ననవచ్చును. నీటి లోతును అంచనావేయుటయు దానికి తెలియదు. అందుచేత తొలిసారి అడుగు గట్టిగనుండు చీలమండలోతు నీటిలోనికి, అనుభవము గల పెద్దగుఱ్ఱమును ముందు నడిపించి, వెనుక దీనిని పంపుదురు. కొఱడాతో దింపిన గుఱ్ఱము ఆ దినము దిగును. పోటీనాడు గట్టుమీదనే నిలిచి 20 దోషములు తెచ్చును.

రద్దీగనుండు శాల ఈ చదువునకు ఆటంకమని కొందఱందురు, నేనట్లనుకొనను. సైసుల కేకలు, నాల్‌బందు సుత్తిమ్రోత, లారీనుండి దిగు క్రొత్తగుఱ్ఱముల సకిలింత, ప్రక్కగదిది పనికి వెడలగా తానొంటరిగ మిగులుట, ఇవియన్నియు పోటీమైదానపు కోలాహలమునకు ముందే తగిన తర్ఫీదు. చిక్కడపల్లిలో పెండ్లిబరాతు బ్యాండుమేళము నడుమ కదలక నిలుచు తెల్లగుఱ్ఱమును ధైర్యశాలియని మెచ్చువారు కలరు. దానిలో ధైర్యమెంతయో అలసట యెంతయో విడదీయుట కష్టము. శిక్షితమైన కిశోరము చెవులు నిక్కించి టపాకాయవంక చూచును; చూచి, రౌతు కాలిసన్నకు మరలును.

పసిగుఱ్ఱముల పోటీలును ఈ దృష్టితోనే యేర్పడినవి. ఇంగ్లండున బర్లీ పోటీల నిర్వాహకులు నాలుగైదేండ్ల వానికి నడపు పరీక్షయందు నేటి గెలుపుకంటె రేపటి యోగ్యతను తూచుదురు. ఫ్రాన్సున లెలియోన్ దాంజేయందు ఆఱేండ్ల, ఏడేండ్ల వానికి ప్రపంచపోటీలు జరుగును. మన దేశమున ఈ విద్యను నిలిపినది ముఖ్యముగ సైన్యమే: 1982 ఢిల్లీ ఏషియాడున రఘుబీర్ సింగు వ్యక్తిగత స్వర్ణమును గెలువగా, జట్టు స్వర్ణమును మనదే యయ్యెను. తరువాత వ్యక్తిగత పతకమునకు 2018 వఱకు వేచియుండవలసివచ్చెను. బెంగుళూరువాడగు ఫువాద్ మీర్జా జకార్తా ఏషియాడున రజతమునొంది, టోక్యో ఒలింపిక్సున డ్రెస్సాజును 28 దోషములతో ముగించి, తుదకు 23వ స్థానమున నిలిచెను. అతని సాధన జర్మనీలో సాగినది; మేలైన గుఱ్ఱములును, వారమువారము పోటీలును అచట నుండుటయే కారణము.

మనకు కొదువ నేలది కాదు. గండశిలలు, చెఱువుకట్టలు, వాగుగట్లు గల దక్కనుబయలు క్రాస్‌కంట్రీకి సహజముగ నమరినది. గుఱ్ఱములకును కొదువ లేదు. పందెమున వెనుకబడి నాలుగైదేండ్లకే విరమించినవి స్వారీపాఠశాలలకును పోలీసు ఆశ్వికదళములకును చేరుట మన దేశమున పరిపాటి. అట్టిదానిని మరల విద్యార్థిని చేయదలచినవాడు మొదట లాడములు విప్పి కొన్ని నెలలు పచ్చికకు విడువవలెను. అది ఒకే దిశకు తిరిగి ఒకవైపు కండను పెంచుకొన్నది; వాగె బిగించినకొలది ముందునకు త్రోసుకొనిపోవలెనని నేర్చినది; అంకెవన్నెలు పొట్టివగుటచే రౌతుకాలు డొక్కకు తగులుట ఎఱుగదు. గుంపును, లౌడుస్పీకరును, లారీప్రయాణమును మాత్రము బాగుగ నెఱుగును. కావున గురువు దానికి క్రొత్తగ నేర్పవలసినది, వాగె సడలించినపుడు తల వంచి నెమ్మదిగ నడచుట.