మిసిసిపీలో పందుల బ్యాంకు

పోయిన ఆదివారం బంధువులింట్లో భోజనాల దగ్గర, డిగ్రీ చదివే అమ్మాయి పెరుగు వద్దంది. పాలు, నెయ్యి కూడా మానేసిందట. పక్క విస్తరి ముందున్న పెద్దాయన “వీగన్లూ అవీ తెల్లవాళ్ల సరదాలమ్మా, మనకెందుకు” అని కొట్టిపారేశారు. ఆ మాట వారమంతా నన్ను వదల్లేదు.

1944లో వీగన్ సొసైటీ ఇంగ్లండులో పుట్టిన మాట నిజమే. కానీ అమెరికా నల్లజాతీయుల వంటిళ్లలో ఈ కథ వేరుగా నడిచింది. బొబ్బర్లనే చూడండి. అవి ఆఫ్రికా పంట. మన జొన్న, సజ్జ, రాగి కూడా అక్కణ్నుంచి వచ్చినవే. బానిసల ఓడల కాలంలో బొబ్బర్లు అట్లాంటిక్ దాటాయి. అమెరికా దక్షిణాదిలో ఇప్పటికీ జనవరి 1న బొబ్బర్లూ అన్నమూ కలిపి వండుకుంటారు, మామూలుగా పందిమాంసం ముక్క వేసి. కొలార్డ్ ఆకుకూరలోనూ ఆ ముక్క పడాల్సిందే. మెంఫిస్‌లో పుట్టిన బ్రయంట్ టెర్రీ 2009లో ‘వీగన్ సోల్ కిచెన్’ రాసినప్పుడు దాన్ని తీసేసి వెల్లుల్లి, కిస్‌మిస్, నారింజరసం వేశారు. గోంగూరను మాంసంలోనూ పప్పులోనూ వండే మనకు ఇందులో వింతేం ఉంది? మరుసటి ఏడే బ్రీజ్ హార్పర్ నల్లజాతి వీగన్ స్త్రీల రచనలను ‘సిస్టా వీగన్’గా తెచ్చారు.

వీళ్లకంటే చాలా ముందు డిక్ గ్రెగరీ ఉన్నారు. పేరున్న హాస్య కళాకారుడు, పౌరహక్కుల ఉద్యమకారుడు. 1962–63 చలికాలంలో మిసిసిపీలోని లీఫ్లోర్ కౌంటీ అధికారులు పేదలకు అందాల్సిన ప్రభుత్వ ఆహారం ఆపేశారు. నల్లజాతీయులు ఓటర్లుగా నమోదు కావడానికి కదిలారన్న కక్షతో చేసిన పని అది. పొలం పనులు లేని రోజులు. గ్రెగరీ షికాగో నుంచి విమానంలో టన్నులకొద్దీ తిండి తెచ్చి ఆ కౌంటీలోని గ్రీన్‌వుడ్‌లో పంచారు. తర్వాత కొన్నేళ్లకు, అహింస మనుషుల దగ్గరే ఎందుకు ఆగాలని తనను తానే ప్రశ్నించుకుని మాంసం మానేశారు.

ఇక్కడితో ఆపితే పెద్దాయనకు జవాబు చెప్పేసినట్టే. కానీ లీఫ్లోర్ పక్కనే సన్‌ఫ్లవర్ కౌంటీ ఉంది. అక్కడ ఫానీ లూ హేమర్ అనే నల్లజాతి స్త్రీ పత్తి తోటలో బతికారు. 1962లో ఓటు నమోదుకు వెళ్లినందుకు పనీ పోయింది, ఇల్లూ పోయింది. మరుసటి ఏడు జైల్లో చావుదెబ్బలు తిన్నారు. అలాంటి ఆమె 1960ల చివర్లో పందుల బ్యాంకు పెట్టారు. పేద కుటుంబం ఒక ఆడపందిని తీసుకెళ్లి పెంచుకోవాలి. అది ఈనాక రెండు పిల్లల్ని బ్యాంకుకిచ్చి మిగతావి ఉంచుకోవాలి. ఆ రెండూ ఇంకో రెండిళ్లకు వెళ్తాయి. పెరట్లో తిండి ఉన్న కుటుంబాన్ని ఏ కౌంటీ అధికారీ ఆకలితో లొంగదీయలేడని ఆమెకు తెలుసు.

గ్రెగరీ మాంసం వదిలారు, హేమర్ పందుల్ని పంచారు. ఇద్దరిదీ ఒకే పోరాటం. ఎవరి విస్తరి వాళ్లే తేల్చుకున్నారు. నాకు ఇద్దరూ కావాలి.

ఈ హేమర్ వల్లే నా ఆలోచన అడ్డం తిరిగింది. ఎవరి విస్తరి ఎవరు తేల్చాలన్న ప్రశ్న మన దగ్గరా ఉంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపితే ఎంత గొడవైందో మనకు తెలుసు. పెద్దకూర తునకలు దండేల మీద ఎండబెట్టుకుని కరువులు గట్టెక్కిన ఇళ్లకు వెళ్లి, మానెయ్యండని చెప్పే అర్హత నెయ్యి అన్నం తిన్న చేతికి లేదు. వట్టిపోయిన గేదె, పుట్టిన దున్నదూడ ఎక్కడికి పోతాయో పాలు కొనేవాళ్లు అడగరు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ పాలు తీసే దేశం మనది. గేదె మాంసం ఎగుమతిలోనూ ముందువరసే. రెండూ ఒకే కొట్టంలోంచి వస్తాయి. మానడం గురించి ఎవరితోనైనా మాట్లాడాల్సి వస్తే, నేను పెళ్లి పంక్తుల్లో నెయ్యి గిన్నెతో తిరిగేవాళ్ల దగ్గర మొదలుపెడతాను.